తెర వేలిని ఎలా గుర్తుపడుతుంది?

ఒకప్పుడు మన పల్లెల్లో వేలిముద్ర అంటే చదువు రాదనడానికి గుర్తు. సంతకం చేయగలవారు కలం అందుకునేవారు. రానివారు బొటనవేలిని సిరా మెత్తకు అద్ది కాగితం మీద ఒత్తేవారు. ఈనాడు ఆ వేలిముద్రే చదువుకున్నవారి సెల్‌ఫోనుకు తాళంచెవి అయింది.

మొదట వచ్చిన ఫోన్లలో వేలు ఆనించడానికి ప్రత్యేకంగా ఒక మీట ఉండేది. 2018 జనవరిలో వివో సంస్థ ఆ మీట అక్కరలేని ఫోనును చూపించింది. తెర మీదనే వేలు పెడితే చాలు. తెర కింద దాగి ఉన్న సెన్సరు వేలిని చదువుతుంది. ఇప్పుడు ఇటువంటి ఫోన్లు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి.

గాజు పలకకు అవతల ఉన్న పరికరానికి మన వేలి గీతలు ఎలా తెలుస్తాయి? అది “ఈ వేలు వీరిదే” అన్నా, “వీరిది కాదు” అన్నా, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్నలకు జవాబు మీరు తరగతిలో చదివే కాంతి, ధ్వని పాఠాలలోనే ఉంది.

గట్లు, చాళ్లు

మీ వేలికొనను వెలుతురులో పరీక్షగా చూడండి. దున్నిన చేనులాగా కనిపిస్తుంది. ఉబ్బెత్తుగా ఉన్న గీతలను గట్లు అనీ, వాటి మధ్య పల్లాన్ని చాళ్లు అనీ అందాం. పెద్దవారి వేలి మీద ఒక గట్టు నుంచి పక్క గట్టుకు దూరం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. కొందరి వేళ్ల మీద ఈ గట్లు గుండ్రంగా తిరిగి సుడిలా ఉంటాయి. దాన్ని మన పెద్దలు చక్రం అంటారు. ఒక పక్క నుంచి వచ్చి వంపు తిరిగి అదే పక్కకు పోయేదాన్ని శంఖం అంటారు.

ఈ గట్లు మనం తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. మనం పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతుంది కాని నమూనా మారదు. చర్మం పైపొర గీసుకుపోయినా, లోపలి పొర చెడకపోతే, మళ్లీ అదే నమూనా పైకి వస్తుంది. వేలిముద్రలను క్రమపద్ధతిలో వాడటం మన దేశంలోనే మొదలయింది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక ఒప్పంద పత్రం మీద సంతకానికి తోడుగా చేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతిని అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లు రూపొందించారు. అయితే అది వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధమయింది.

ఒక చిన్న ప్రయోగం

నున్నని గాజు గ్లాసు తీసుకొని ముప్పాతిక వంతు నీళ్లు పోయండి. దాన్ని చేత్తో పట్టుకొని, పైనుంచి నీటిలోకి ఏటవాలుగా చూడండి. గ్లాసు పక్కగోడ అద్దంలా వెండి రంగులో మెరుస్తుంది. గోడ వెనుక ఉన్న మీ వేళ్లు సరిగా కనిపించవు. ఇప్పుడు వేళ్లను కొద్దిగా తడిచేసి గట్టిగా నొక్కండి. వెండి రంగు మధ్య మీ వేలి గట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

కారణం ఏమిటి? గాజు అవతల గాలి ఉన్నప్పుడు ఏటవాలుగా వచ్చిన కాంతి బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. గట్టు గాజుకు ఆనిన చోట గాలి లేదు, చర్మం ఉంది. అక్కడ కాంతి చర్మంలోకి చొచ్చుకుపోతుంది. చాలు ఉన్న చోట మాత్రం గాలి మిగిలే ఉంటుంది కనుక అది మెరుస్తూనే ఉంటుంది. అంటే గాజు మనకు వేలిని చూపడం లేదు. ఎక్కడ చర్మం తాకింది, ఎక్కడ గాలి మిగిలింది అన్నది చూపుతున్నది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మిగిలిన పాఠమంతా దీని మీదనే నిలబడి ఉంది.

కాంతితో చదివే తెర

తెర మీద వేలు పెట్టగానే వేలి కింద ఉన్న కొంత భాగం ఒక్కసారిగా ప్రకాశవంతంగా వెలగడం మీరు గమనించే ఉంటారు. ఆ వెలుగే దీపం. అది పైగాజు గుండా వేలిని చేరుతుంది. గాజు అవతల గాలి ఉన్నచోట, నిటారుగా పోయే కాంతిలో కూడా సుమారు 4 శాతం వెనక్కి మళ్లుతుంది. గట్టు తాకిన చోట ఆ పరావర్తనం చాలా తగ్గుతుంది. ఇలా తిరిగివచ్చిన కాంతి తెరలోని పిక్సెళ్ల మధ్య సందుల గుండా కిందికి దిగి, అక్కడున్న చిన్న కెమెరా వంటి సెన్సరు మీద పడుతుంది. గట్లు నల్లగా, చాళ్లు తెల్లగా ఉన్న బొమ్మ ఏర్పడుతుంది.

ఈ ఏర్పాటు ఓఎల్ఈడీ తెరలకే బాగా కుదురుతుంది. ఆ తెరలో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది. ఎల్‌సీడీ తెరకైతే వెనుక నుంచి వెలుగునిచ్చే పలక వేరే కావాలి. ఆ పలక సెన్సరుకు అడ్డుపడుతుంది.

ధ్వనితో చదివే తెర

బావిలోకి వంగి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా! 2019లో శాంసంగ్ సంస్థ గెలాక్సీ ఎస్10 ఫోనులో ఈ సూత్రాన్ని ప్రవేశపెట్టింది. తెర కింద ఒక పలుచని పొర ఉంటుంది. దానికి విద్యుత్తు అందిస్తే కంపించి, మన చెవికి వినిపించని అతిధ్వనులను పైకి పంపుతుంది. గాజు అవతల గాలి ఉంటే ఆ ధ్వని దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది. చర్మం తాకి ఉంటే కొంత వేలిలోకి పోతుంది. తిరిగివచ్చిన ధ్వని తాకినప్పుడు అదే పొర విద్యుత్తును పుట్టిస్తుంది. ఇక్కడ కూడా తేడా చర్మానికీ గాలికీ మధ్యనే అని గమనించండి.

పాత మీట ఫోన్లలో మరొక పద్ధతి ఉండేది. అక్కడ చర్మమే కెపాసిటర్‌లో ఒక పలకగా పనిచేసేది. పలకల మధ్య దూరం పెరిగితే కెపాసిటీ తగ్గుతుంది. తెర మందం దాటేసరికి గట్టుకూ చాలుకూ మధ్య తేడా పసిగట్టలేనంత చిన్నదయిపోతుంది. అందువల్లనే తెర కిందికి పోవడానికి కాంతిని, ధ్వనిని ఆశ్రయించవలసి వచ్చింది.

బొమ్మ నుంచి నిర్ణయానికి

వేలిముద్రలకు సాధారణంగా వాడే కొలత అంగుళానికి 500 చుక్కలు. అంటే చుక్కకూ చుక్కకూ దూరం 0.05 మిల్లీమీటరు. ఆ లెక్కన 8 మిల్లీమీటర్ల భుజం గల చతురస్రంలో వరుసకు 160 చొప్పున 25,600 చుక్కలు పడతాయి. ఇంత చిన్న సెన్సరు ఒక్కసారికి వేలిలో కొంత భాగాన్నే చూడగలదు. అందుకే ఫోనులో వేలిని మొదటిసారి నమోదు చేసేటప్పుడు అటూ ఇటూ జరుపుతూ పలుమార్లు పెట్టమంటుంది.

తరువాత యంత్రం బొమ్మలోని ప్రత్యేక స్థలాలను వెతుకుతుంది. గట్టు ఆగిపోయిన చోటు ఒకటి, గట్టు రెండుగా చీలిన చోటు మరొకటి. ఏ గుర్తు దేనికి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో లెక్కకట్టి దాచుకున్న లెక్కతో పోలుస్తుంది. మన వేలు ప్రతిసారీ ఒకేలా పడదు. ఒకసారి గట్టిగా ఆనుతుంది, ఒకసారి పక్కకు పడుతుంది. కనుక రెండు లెక్కలు నూటికి నూరుపాళ్లు ఎన్నడూ సరిపోవు. ఇంత పోలిక ఉంటే చాలు అని యంత్రానికి ఒక హద్దు పెడతారు. పరీక్షలో ఉత్తీర్ణతకు మార్కులు పెట్టినట్టే.

హద్దును కిందికి దించితే పరాయివాడు లోపలికి రావచ్చు. పైకి పెంచితే సొంతదారే బయట నిలబడవచ్చు. ఈ రెండు తప్పులనూ ఒక్కసారిగా సున్నా చేయడం సాధ్యం కాదు. ఆపిల్ సంస్థ తన వేలిముద్ర తాళం పరాయివేలికి యాదృచ్ఛికంగా తెరుచుకునే అవకాశం 50,000లో 1 అని ప్రకటించింది. అది చాలా చిన్నదే, కాని సున్నా కాదు.

మొదటి తప్పుకు ఉదాహరణలు చూడండి. 2019 అక్టోబరులో గెలాక్సీ ఎస్10 తెర మీద కొన్ని రకాల సిలికోన్ తొడుగులు వేస్తే నమోదుకాని వేలికి కూడా ఫోను తెరుచుకుంది. తొడుగు మీది గీతలనే సెన్సరు వేలిగీతలనుకున్నది! సంస్థ ప్రోగ్రామును సరిదిద్దవలసి వచ్చింది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి సిమ్ కార్డులు తీసినట్టు పోలీసులు కనిపెట్టారు. రహస్య సంఖ్య బయటపడితే మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోలేము. పైగా మనం తాకిన ప్రతి గ్లాసు మీదా దాన్ని వదిలి వస్తున్నాము.

పని చేసే వేళ్లు

రెండవ తప్పు మన ప్రాంతానికి మరీ దగ్గరిది. దొరవారిసత్రం చుట్టుపక్కల వరినాట్లు వేసే చేతులు, పులికాట్ సరస్సులో వలలు లాగే చేతులు, సున్నం, సిమెంటు కలిపే చేతులు ఎన్ని లేవు! రాపిడికి గట్లు అరిగిపోతాయి. వయసు పైబడినకొద్దీ చర్మం ఎండి ముడతలు పడుతుంది. అరిగిన, ఎండిన గట్టు గాజుకు సరిగా ఆనదు. మధ్యలో గాలి మిగిలిపోతుంది. యంత్రానికి గట్టు కూడా చాలులాగానే కనిపిస్తుంది. వేలు బాగా తడిగా ఉంటే ఇందుకు వ్యతిరేకం. నీరు చాళ్లను నింపి గాలిని తోసివేస్తుంది. అప్పుడు చాలు కూడా గట్టులాగానే కనిపిస్తుంది. గ్లాసు ప్రయోగం గుర్తుకు తెచ్చుకుంటే ఈ రెండూ వెంటనే అర్థమవుతాయి.

ఫోను “కాదు” అంటే నష్టం లేదు. రహస్య సంఖ్య నొక్కి తెరుచుకుంటాము. కాని 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాలలో ఈ-పాస్ యంత్రం మీద వేలు పెట్టి బియ్యం తీసుకునే పద్ధతి వచ్చింది. అక్కడ “కాదు” అంటే ఇంటికి బియ్యం రావు.

అలాగని యంత్రం అక్కరలేదనడం సరికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని, పింఛన్లను వేలిముద్ర గల స్మార్ట్‌కార్డులతో పంచినప్పుడు, నెల్లూరుతో సహా 8 జిల్లాలలో ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. కూలి డబ్బు త్వరగా చేతికందింది; మధ్యలో మాయమయ్యేది తగ్గింది. అయితే ఒక సంగతి మరువకూడదు. అప్పటి ప్రభుత్వం కార్డు లేకపోతే డబ్బు ఇవ్వవద్దని శాసించలేదు. పాత దారిని మూసివేయకుండా కొత్త దారి వేసింది.

ఇదే ఈ పాఠం సారాంశం. వేలిముద్ర యంత్రం తీర్పు చెప్పే న్యాయాధిపతి కాదు. థర్మామీటరు, త్రాసుల వంటి కొలత పరికరం. ప్రతి కొలతలోనూ కొంత దోషం ఉంటుంది. “కాదు” అని యంత్రం చెబితే, ఆ వేలు నమోదైన బొమ్మతో ఈ క్షణాన తగినంత సరిపోలలేదని మాత్రమే అర్థం. ఆ మనిషి అబద్ధమాడుతున్నట్టు కాదు. మీ నాయనమ్మ వేలిని యంత్రం తిరస్కరించినప్పుడు ఆమె చేతిని తుడిచి, మరొక వేలు పెట్టించండి. అప్పటికీ కాకపోతే కనుపాప వంటి వేరే మార్గం అడగండి. అడగడం ఆమె హక్కు. ఎందుకో వివరించి చెప్పగల చదువు మీ దగ్గర ఉంది.

ఆలోచించండి

1. గ్లాసు ప్రయోగంలో నీళ్లకు బదులు చేతికి కొద్దిగా కొబ్బరినూనె రాసుకొని చూడండి. గట్లు మరింత స్పష్టమయ్యాయా? ఎందువల్ల?
2. పిల్లలు 5 ఏళ్లప్పుడు, మళ్లీ 15 ఏళ్లప్పుడు ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. నమూనా మారనప్పుడు ఇది ఎందుకు అవసరం?
3. తడి వేలిని కాంతి సెన్సరు కన్నా అతిధ్వని సెన్సరు మెరుగ్గా చదువుతుంది. నీరు, చర్మం, గాలి ఈ మూడింటిలో ధ్వని ప్రయాణాన్ని పోల్చి కారణం ఊహించండి.