ఏ చికిత్స చెయ్యాలో తేల్చే ఉద్యోగం

అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలంలో ఒక మహిళకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది, ఇక రేడియేషన్ పెట్టాలన్నారనుకోండి. పాత పద్ధతిలో 25 సిట్టింగులు, అంటే ఐదు వారాలు. రోజూ పోయి రాగల దూరం కాదు. బెంగళూరులోనో కర్నూలులోనో గది తీసుకోవాలి, తోడుగా ఇంట్లో ఒకరు కూలి మానుకోవాలి. చెనిక్కాయ పీకే రోజులైతే చేను ఎవరికో అప్పజెప్పి పోవాలి. ప్రభుత్వ కార్డు మీద చికిత్స జరిగినా ఈ భారం మాత్రం ఇంటిదే.

ఈ ఐదు వారాలు నిజంగా అవసరమా? బ్రిటన్‌లో స్టార్ట్-బి అనే ట్రయల్ 2,215 మంది మహిళల మీద ఈ ప్రశ్నను పరీక్షించింది. 15 సిట్టింగులు, మూడు వారాలు పెడితే 25 సిట్టింగులకు ఏమీ తీసిపోలేదని 2013లో వచ్చిన పదేళ్ల ఫలితాలు చూపించాయి. 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ 4,096 మంది రోగుల ఐదేళ్ల ఫలితాలతో ఒక్క వారంలో ఐదు సిట్టింగులకు కూడా దారి చూపింది. జర్నల్‌లో అచ్చయిన ఈ అంకెలు డాక్టరు రాసే చీటీ దాకా వాటంతట అవి రావు. వాటిని వెతికి, తూచి, మన రోగులకు వర్తిస్తాయో లేదో తేల్చి మార్గదర్శకంగా రాసేవాళ్లు కావాలి. ఆ పని చేసేవాళ్లను గైడ్‌లైన్ మెథడాలజిస్టులంటారు. వాళ్లంతా డాక్టర్లే కానక్కర్లేదు. స్టాటిస్టిక్స్, ఫార్మసీ, నర్సింగ్, ప్రజారోగ్యం చదివినవాళ్లు కూడా ఈ బల్ల దగ్గర కూర్చుంటారు.

పని ఎలా ఉంటుందో తెలియాలంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ కథ చూడాలి. మన దేశంలోనే మూడు పెద్ద ట్రయల్స్ జరిగాయి. తమిళనాడులోని దిండిగల్‌లో నర్సులు ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్ష (వీఐఏ) చేస్తే ఆ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. ముంబయి మురికివాడల్లో, డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు అదే పరీక్ష చేస్తే 31 శాతం తగ్గాయని 2014లో అచ్చయింది. ఈ రెంటికీ నడుమ, 2009లో ఉస్మానాబాద్ ఫలితాలు వచ్చాయి. అది మరాఠ్వాడా, మనలాగే వాన కోసం ఆకాశం చూసే సీమ. అక్కడ 1,31,746 మంది మహిళల్ని ఊళ్లవారీగా నాలుగు గుంపులు చేశారు. ఒక్కసారి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష చేసిన గుంపులో 34 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోతే, ఏ స్క్రీనింగూ లేని గుంపులో 64 మంది పోయారు. అదే ట్రయల్‌లో వీఐఏ గుంపులో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు.

ఒకే పరీక్ష ఒకచోట ప్రాణాలు కాపాడింది, ఇంకోచోట కాపాడినట్టు తేలలేదు. ఇప్పుడేం రాయాలి? పరీక్ష చేసినవాళ్ల శిక్షణలో తేడా ఉందా, ఎన్నిసార్లు చేశారు, పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి చికిత్స అందింది అని తవ్వాలి. గ్రేడ్ అనే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. సాక్ష్యం మీద నమ్మకాన్ని ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ అని నాలుగు మెట్లుగా చూస్తుంది. ఆ తర్వాత ఖర్చు, సమానత, జనం ఒప్పుకోవడం, ఆచరణ సాధ్యత లెక్కలోకి తీసుకుని సిఫారసు గట్టిదా, షరతులతో కూడినదా అన్నది చెబుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2016లో 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకు మొగ్గింది. రెండూ పిచ్చి నిర్ణయాలు కావు. పీహెచ్‌సీలో ల్యాబు ఉందా, ఫలితం వచ్చేలోపు ఆ మహిళ వలస వెళ్లిపోతుందా అన్న ప్రశ్నలు కూడా వాటి వెనక ఉన్నాయి. హైదరాబాద్ పక్కనే మేడ్చల్ ప్రాంతంలో వీఐఏ, పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్షల్ని పోల్చిన అధ్యయనం 2010లో అచ్చయింది. తెలుగు నేల మీద పుట్టిన సాక్ష్యం కావాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

నా ఉద్దేశంలో ఈ ఉద్యోగంలోకి వచ్చే బెళుగుప్ప పిల్లకు ఇక్కడే పైచేయి. ఆచరణ సాధ్యత అన్న గడిలో ఏం రాయాలో కళ్యాణదుర్గం బస్సు కోసం కాచుకున్నవాళ్లకు తెలిసినంతగా ఏసీ గదిలో పెరిగినవాళ్లకు తెలియదు. కానీ అనుభవం ఒక్కటే చాలదు. మా ఊరి సంగతి నాకు తెలుసు అంటే మార్గదర్శకం రాసే ప్యానెల్ వినదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (ఫలితం ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పే హద్దులు) చదవడం, అధ్యయనాల్లో పక్షపాతం పసిగట్టడం వస్తేనే ఆ మాటకు బరువు.

దారి సంగతికొస్తే, ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ రెండు నెలల స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఉంది. మిగతావాళ్లు డిగ్రీ తర్వాత ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) వైపో, బయోస్టాటిస్టిక్స్ వైపో వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, చెన్నైలో ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ పేరున్నవి. అప్పటిదాకా ఆగక్కర్లేదు. చెన్నై సంస్థ వైద్య పరిశోధన ప్రాథమిక పాఠాల్ని ఆన్‌లైన్‌లో నడుపుతోంది. ఇంగ్లిష్ మీడియం కాదని జంకకండి, పరిశోధన పేపర్లలో ఎక్కువగా అవే ఇంగ్లిష్ మాటలు తిరిగి తిరిగి వస్తాయి.

క్యాన్సర్ వైపే వెళ్లాలనుకుంటే రెండు పేర్లు గుర్తుంచుకోండి. టాటా మెమోరియల్ సమన్వయంతో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులకు ఉమ్మడి మార్గదర్శకాలు తయారుచేస్తుంది. 2015 నుంచి క్రెడో అనే వర్క్‌షాపులో యువ క్యాన్సర్ పరిశోధకుల చేత ట్రయల్ ప్రొటోకాల్ రాయిస్తున్నారు. గైడ్‌లైన్ పనికే ప్రత్యేక సర్టిఫికెట్ కావాలంటే కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నడిపే ఇన్‌గైడ్ ఉంది. మొదటి మెట్టు ప్యానెల్ సభ్యులకు, రెండోది మెథడాలజిస్టులకు. ఫీజు ఉంటుంది కాబట్టి ఉద్యోగంలో చేరాక సంస్థ చేత కట్టించుకోవడం తెలివి.

జీతాల మాట దాచను. మొదట్లో దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలు, అంటే కాంట్రాక్టు. ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. సాఫ్ట్‌వేర్‌కు పోయిన క్లాస్‌మేట్ జీతంతో పోల్చుకుంటే నిద్ర పట్టదు. పీహెచ్‌డీ, నాలుగు మంచి సాక్ష్య సమీక్షలు చేతికొచ్చాక పరిస్థితి మారుతుంది. మెడికల్ కాలేజీలు, ఐసీఎంఆర్ సంస్థలు, ప్రభుత్వ ఆరోగ్య పథకాల సలహా విభాగాలు, విదేశీ విశ్వవిద్యాలయాలు పిలుస్తాయి.

ఈ దారిలో చేరే ముందు ఒక పని చెయ్యండి. ఉస్మానాబాద్ పేపరు సంపాదించి, అందులోని పట్టికల్ని ఓ ఆదివారం కాగితం, పెన్ను పెట్టుకుని సొంతంగా లెక్కకట్టండి. ఆ పూట భోజనం ఆలస్యమైనా గమనించకపోతే దరఖాస్తు పెట్టండి. విసుగొస్తే వేరే కోర్సులు చాలానే ఉన్నాయి.