తెర మీది పేరు

కంప్యూటర్ ఆటలో మనకు బదులుగా తిరిగే బొమ్మను 'అవతార్' అంటారు. మన 'అవతారం' అన్న మాటే అది!

నార్వే యువకుడు మాట్స్ స్టీన్‌కు కండరాలు క్షీణించే జబ్బు. చక్రాల కుర్చీ దాటి కదలలేడు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటలో మాత్రం అతడు ఇబెలిన్, పరుగెత్తే బలశాలి. తన జబ్బు సంగతి తోటి ఆటగాళ్ళకు చాలాకాలం చెప్పలేదు. జాలి చూపులు లేని ఆ చోట వారి కష్టసుఖాలు విన్నాడు, ఒక తల్లికీ కొడుక్కీ మధ్య మాటలు కలిపాడు.

2014లో, 25 ఏళ్ళ వయసులో మరణించాడు. స్నేహితులెవరూ లేకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. మరణవార్త తెలియగానే పలు దేశాల నుండి మిత్రుల సందేశాలు వచ్చాయి. కొందరు అంత్యక్రియలకే వచ్చారు.

అది వట్టి వేషమందామా? ముసుగు చాటున మోసగించేవారూ ఉన్నారు, నిజమే. ఇబెలిన్‌లో మాత్రం శరీరమొక్కటే కల్పితం, ఆ ఓర్పు మాట్స్‌దే.

మీ అబ్బాయిని ఆ ఆటలో ఏ పేరుతో పిలుస్తారో ఎప్పుడైనా అడిగారా?