లారీ స్టార్టు కాకపోతే ముందు ఏం చూడాలి?

మన హాస్టల్ తమ్ముళ్లలో చాలామంది నాన్నలు డ్రైవర్లు, క్లీనర్లు, మిల్లుల్లో హమాలీలు. మేమూ అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ చదవడం మాతోనే మొదలు. ఇప్పుడు పీజీలో ఫిజిక్సు చదువుతున్నాం. ఈ వార్షికోత్సవ సంచికకు ఒక పాఠం రాయమన్నప్పుడు, పుస్తకం కంటే ముందు రోడ్డు మీద ఎదురైన పాఠమే రాయాలనిపించింది.

మేము ఇంటర్ చదివే రోజుల్లో నాన్న నడిపే పాత లారీ ధాన్యం లోడుతో గుడివాడ దారిలో ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. "డీజిల్ అందడం లేదండీ" అని నాన్న చెబుతూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. బ్యాటరీలు మార్చారు, సెల్ఫ్ మోటారు మార్చారు. మూడో రోజు విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మేస్త్రి వచ్చి, డీజిల్ పైపు జాయింటులో అరిగిన చిన్న వాషరు మార్చి, పంపులో గాలి తీశారు. రెండో సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది. కానీ అనవసరంగా మార్చిన సామాన్ల డబ్బును నాన్న జీతంలో కోశారు. ఆ ఏడాది మా పరీక్ష ఫీజు అప్పు తెచ్చి కట్టాం.

డీజిల్ ఎలా మండుతుంది?

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఈ ఇంజన్‌ను నడిపి చూపించారు. ఇందులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సైకిల్‌కు గాలి కొట్టి, పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఇంజన్‌లో పిస్టన్ గాలిని సుమారు పదహారు నుంచి ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి నాజిల్ డీజిలును సన్నటి తుంపరగా చిమ్మితే అదే అంటుకుంటుంది. అంటే ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి, డీజిల్ అందాలి, గాలి గట్టిగా నొక్కుకోవాలి. స్టార్టు కాలేదంటే వీటిలో ఏదో ఒకటి తప్పింది.

వరుసగా చూడండి

ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూడండి. తర్వాత సెల్ఫ్ కొట్టి పొగగొట్టం వైపు చూడమనండి.

1. సెల్ఫ్ తిరగక "టక్" మని ఆగితే, లేదా ఈడుస్తూ తిరిగితే: లారీల్లో మామూలుగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు ఇస్తాయి. టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడి, వదులైన ఎర్త్ వైరు చూడండి. చాలాసార్లు శుభ్రం చేసి బిగిస్తే చాలు.

2. సెల్ఫ్ వేగంగా తిరుగుతున్నా పొగ అసలు రాకపోతే: డీజిల్ నాజిల్ దాకా చేరడం లేదు. స్టాప్ కేబుల్ ఇరుక్కుందా, ఫిల్టరు మూసుకుందా, నీళ్లు చేరాయా, గాలి పట్టిందా చూడాలి.

3. తెల్ల పొగ వస్తూ అందుకోకపోతే: డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదు. తిరిగే వేగం చాలకపోవడం, కంప్రెషన్ తగ్గడం, నాజిల్ కారడం, టైమింగ్ తప్పడం కారణాలు కావచ్చు. ఇది షెడ్డులో చూడాల్సిన పని.

ఏదైనా సరే, సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకండి. మోటారు కాలిపోతుంది.

బయటికి కారని లీకు

నాన్న లారీది రెండో రకం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిలును పంపు పీలుస్తుంది. అక్కడ లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ. అందుకే జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోగలదు. బయట తడి లేదు కాబట్టి లీకు లేదనుకుంటాం. గాలి నొక్కుకుపోతుంది, డీజిల్ అలా నొక్కుకోదు. పంపులో గాలి ఉంటే నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు.

పాత రకం పంపు ఉన్న బండిలో ఫిల్టరు మీది గాలి స్క్రూ కొంచెం వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, బిగించాలి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర అలాగే చేయాలి. కొత్త కామన్ రైల్ బండ్లలో మాత్రం నాజిల్ పైపులు విప్పకూడదు. వెయ్యి బార్లు దాటే ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. వాటిని స్కానరు పెట్టి చూసే మెకానిక్‌కే వదిలేయాలి.

వరదలో మునిగితే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టకూడదు. నీళ్లు గాలిలా నొక్కుకోవు. బోరులో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ వైరు తీసి, నీళ్లు తీయించి, ఆయిలు మార్పించాలి.

తమ్ముళ్లూ, మీలో అందరూ మెకానిక్‌లు కానక్కర్లేదు. బండి ఆగిందని నాన్న ఫోన్ చేస్తే మూడే అడగండి: సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? పొగ వస్తోందా? ఏ రంగు? ఆ మూడింటినీ మేస్త్రికి ఆయన చేతే చెప్పించండి. ఆ రోజు నాన్న చెప్పింది నిజమే. దానికి రుజువు చెప్పే చదువు అప్పటికి మా దగ్గర లేదు.