ప్రోటీన్ లోపలి గుంతను కొలిచే రేఖాగణితం

"ఈ రేఖాగణితం ఎందుకు పనికొస్తుందన్నా?" అని స్టడీ అవర్‌లో తమ్ముళ్లు అడుగుతుంటారు. ఒక జబ్బును ఉదాహరణగా తీసుకుని జవాబు చెబుతాను.

మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత కనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ పేరు హీమోగ్లోబిన్. దాని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఈ జబ్బులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుందని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు. ఆక్సిజన్ వదిలేసిన పక్క హీమోగ్లోబిన్ మీద ఒక చిన్న గుంత ఉంటుంది. ఈ వాలీన్ వెళ్లి అందులో సరిగ్గా కూర్చుంటుంది. అలా అణువులు ఒకదానికొకటి తగులుకుని పోగులవుతాయి. రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. అంటే ఇక్కడ కీలకం ఆకారమే. మరి కంటికి కనపడని గుంతను కొలిచేదెలా?

మొదటి మెట్టు నిరూపకాలు. 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో ఒక్కో పరమాణువుకు x, y, z విలువలు ఉచితంగా దొరుకుతాయి. కొలత ఆంగ్‌స్ట్రామ్‌లలో.

రెండో మెట్టు దూర సూత్రం. రెండు కార్బన్ పరమాణువులు (1, 2, 2), (3, 5, 8) వద్ద ఉన్నాయనుకోండి. తేడాలు 2, 3, 6. వర్గాల మొత్తం 4 + 9 + 36 = 49. కాబట్టి దూరం 7. కార్బన్ వ్యాసార్ధం సుమారు 1.7. రెండింటివీ తీసేస్తే మిగిలే ఖాళీ 3.6. నీటి అణువు వ్యాసం సుమారు 2.8. మధ్యలో వేరే పరమాణువు అడ్డు లేకపోతే నీరు పడుతుంది!

మూడో మెట్టు లంబ సమద్విఖండన రేఖ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. మా అమ్మకు ఇలా చెప్పాను: ఊళ్లో నాలుగు చేతిపంపులుంటే ప్రతి ఇల్లూ తనకు దగ్గరి పంపుకే వెళుతుంది కదా. ఏ పంపుకు ఏ ఇళ్లో విడదీసే హద్దులు ఈ సమద్విఖండన రేఖల ముక్కలే. పంపుల స్థానంలో పరమాణువులను పెట్టండి, రేఖల స్థానంలో తలాలను పెట్టండి. ఒక్కో పరమాణువుకు ఒక గది వస్తుంది. 1908లో ఈ గదుల గురించి రాసిన వొరొనాయ్ పేరే వాటికి పెట్టారు. 1974లో ఫ్రెడరిక్ రిచర్డ్స్ వీటితో కొలిచి, ప్రోటీన్ లోపలి చోటులో సుమారు 75 శాతం పరమాణువులతో నిండి ఉంటుందని చూపారు.

నాలుగో మెట్టు చతుర్ముఖులు. గోడ పంచుకునే పరమాణువులను గీతలతో కలిపితే ఇవి ఏర్పడతాయి. 1934లో వీటిని వివరించింది డెలానే. పరమాణువులు కిక్కిరిసిన చోట చతుర్ముఖులు చిన్నవి, గుంత ఉన్న చోట పెద్దవి. పక్కపక్కనున్న పెద్దవాటిలోని ఖాళీలను కూడితే గుంత ఘనపరిమాణం తెలుస్తుంది. దానిలో ఏ మందు అణువు పట్టవచ్చో వెదకడం అక్కడి నుంచి మొదలవుతుంది.

తమ్ముళ్లూ, గ్రాఫ్ కాగితం మీద అయిదు బిందువులు పెట్టి ఆ హద్దులు మీరే గీసి చూడండి. స్కేలు, వృత్తలేఖిని చాలు. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా వదిలేసే ఆ పాఠంతోనే శాస్త్రవేత్తలు జబ్బు మూలాన్ని కొలుస్తున్నారు.