బకెట్లో సముద్రం

మల్లాపూర్‌కు సముద్రం చాలా దూరం. టీవీలో అలలు చూసిన పాప అడిగింది. "అమ్మా, సముద్రం నీళ్ళు ఎట్లుంటయి?"

అమ్మ గిన్నెలో లీటరు నీళ్ళు పోసింది. పాపతో ఆరు చిన్న చెంచాల ఉప్పు వేయించింది. సముద్రంలో లీటరు నీటికి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పాప ఒక చుక్క నాకి మొహం చిట్లించింది.

"మరి చేపలు ఎట్ల తాగుతయి?"

"తాగుతయి బిడ్డా. ఎక్కువైన ఉప్పు మొప్పల నుంచి బయటికి పంపుతయి."

కొన్ని నీళ్ళు పళ్ళెంలో పోసి ఎండలో పెట్టారు. నీళ్ళు ఆరిపోయి తెల్లటి ఉప్పు మిగిలింది. చినగంజాం ఉప్పు మడుల్లో జరిగేది ఇదే.

"సముద్రంల ఇంకేముంటయి?"

అమ్మ పల్చటి కిరాణా కవరును బకెట్ నీళ్ళలో వేసింది. కవరు ఉబ్బి మెల్లగా ఊగింది. జెల్లీ చేప అనే మెత్తటి జీవి అచ్చం ఇట్లాగే తేలుతుంది. అది తాబేలుకు తిండి. కవరును కూడా జెల్లీ చేప అనుకుని తాబేలు మింగుతుంది. పేగుల్లో అడ్డం పడితే చచ్చిపోతుంది.

"మన కవరు అంత దూరం పోతదా?"

పోతుంది. వాన కొడితే మోరీలో చెత్త మూసీలోకి కొట్టుకుపోతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏటా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ తీరానికే వస్తాయి.

పాప బయటికి ఉరికింది. మోరీ పక్కన పడ్డ రెండు కవర్లు ఏరి తెచ్చింది. అమ్మ ముందు పాప చేతులు సబ్బుతో కడిగింది.