సాంచాల చప్పుడులో రెండు నిమిషాల సినిమా

లింబాయత్‌లోని ఒక ఇరుకు గదిలో, మంచం మీద లాప్‌టాప్ పెట్టి ఆ అమ్మాయి తన సినిమా మొదటి రెండు నిమిషాలు చూపించింది. తెర మీద వరసగా మరమగ్గాలు. వాటి మధ్య నుంచి కెమెరా మెల్లగా ఒక మనిషి వైపు వెళుతుంది. ఆయన తెగిన పడుగు పోగును ముడివేస్తూ, తల తిప్పకుండానే ఏదో చెబుతాడు. ఏం చెప్పాడో వినపడదు. పైగా తెర మీద నల్లటి అడ్డపట్టీలు పాకుతూనే ఉన్నాయి.

“ఆయన మా బాపు. సినిమా మొత్తానికి అదే మొదటి మాట అన్నా. అదే పోయింది,” అంది.

ప్రయోగశాలలో పెంచే వజ్రాల మీద కథనం కోసం నేను సూరత్ వెళ్లాను. ఈ సినిమా సంగతి ఒక మిత్రుడు చెబితే తెలిసింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో దశాబ్దాలుగా లింబాయత్‌లో ఉంటున్నాయి. సిరిసిల్ల వైపువాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. ఈ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఒక సినిమాకు ప్రారంభ దృశ్యం తీసి, దాన్ని తానే మూల్యాంకనం చేసుకుని నివేదిక రాయాలని కళాశాలలో చెప్పారు. ఖర్చు మొత్తం 1,150 రూపాయలు. అందులో ఒక ఫోన్ స్టాండు, ఒక కాలర్ మైకు, మిగతాది చాయ్.

నివేదిక మొదటి ప్రతిలో ఆమె ఇలా రాసింది: లైటింగ్ ఇంకా బాగుండాల్సింది, సౌండ్ స్పష్టంగా లేదు, బడ్జెట్ తక్కువ. చాలామంది విద్యార్థుల నివేదికలు ఇలాగే ఉంటాయి. బడ్జెట్ తక్కువ అన్నది కారణం కాదు. డబ్బుంటే సరిగ్గా ఏది మారేదో చెప్పగలిగితేనే అది కారణం అవుతుంది. అందుకని ఇద్దరం నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీశాం: ఏం కనిపించింది, ఎందుకు, ఎలా తేల్చుకున్నాను, మారిస్తే ఏమైంది. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇది ప్రాక్టికల్ రికార్డే.

నల్ల పట్టీల లెక్క

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో వస్తుంది. ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు ప్రవాహం సున్నాకు చేరుతుంది. కాబట్టి చోక్ ఉన్న పాత ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. సరైన డ్రైవర్ సర్క్యూట్ లేని చౌక ఎల్‌ఈడీ ట్యూబుల్లో ఈ హెచ్చుతగ్గులు ఇంకా ఎక్కువ. కంటికి ఇది తెలియదు, ఫోనుకు తెలుస్తుంది.

ఫోన్ సెన్సర్ ఒక ఫ్రేమును మొత్తంగా ఒకేసారి చదవదు. పై వరస నుంచి కింది వరస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది. వెలుగు హెచ్చులో ఉన్నప్పుడు చదివిన వరసలు తెల్లగా, తగ్గులో ఉన్నప్పుడు చదివినవి నల్లగా వస్తాయి. ఒక నల్ల పట్టీకీ తర్వాతి నల్ల పట్టీకీ మధ్య కాలం సెకనులో నూరోవంతు. ఆమె వీడియో ఆపి లెక్కపెడితే ఒక ఫ్రేములో పట్టీలు రెండు. అంటే ఆ ఫోన్ సెన్సర్‌కు ఫ్రేము మొత్తం చదవడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతోందన్నమాట. ఫోన్ డబ్బా మీద రాయని అంకెను తన తప్పులోంచే లెక్కగట్టడం ఆమెకు నచ్చింది. నాకు ఇంకా నచ్చింది.

మరి పట్టీలు పాకడం దేనికి? ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తోంది. నూటిని ముప్పైతో భాగిస్తే మూడున్నూ మూడో వంతు. ప్రతి ఫ్రేముకూ వెలుగు ఆవర్తనం మూడో వంతు ముందుకు జరుగుతుంది, దానితోపాటు పట్టీ కూడా. అదే 25 ఫ్రేములైతే సరిగ్గా నాలుగు ఆవర్తనాలు పడతాయి. పట్టీలు పోవు గానీ దాదాపు కదలకుండా నిలబడతాయి.

పోవాలంటే షట్టర్ కాలం మార్చాలి. ఒక్కో వరస సెకనులో 50వ వంతు పాటు వెలుగును పోగుచేస్తే, ప్రతి వరసకూ సరిగ్గా రెండు ఆవర్తనాల వెలుగు అందుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా మొత్తం ఒక్కటే, పట్టీ ఉండదు. 100వ వంతు అయినా ఇదే ఫలితం. ఆమె ఫోన్ ఆటోలో ఉంది. పైకప్పులోని ఫైబర్ రేకు ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా వెలుతురు ఎక్కువైందని షట్టర్‌ను 240వ వంతు దాకా తగ్గించేసింది. వీడియోలో ఆ రేకు కనిపించే చోట్లే పట్టీలు ముదురుగా ఉండటం ఇందుకు సాక్ష్యం. ఉచితంగా దొరికే కెమెరా యాప్‌తో 25 ఫ్రేములు, 50వ వంతు అని బిగించి మళ్లీ తీస్తే పట్టీలు మాయమయ్యాయి. ఖర్చు సున్నా.

దీనితో ఇంకో లాభం కూడా కలిగింది. నాడె సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. 240వ వంతులో అది 4 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది కాబట్టి గాలిలో బిగుసుకుపోయినట్టు కనిపించింది. 50వ వంతులో 20 సెంటీమీటర్లు సాగి, మసకగా ఒక గీత పడింది. నాడె పరుగు చూసినవాళ్లకు ఈ మసకే నిజం అనిపిస్తుంది.

గ్రే అనబడే తెల్లగుడ్డ

రెండో లోపం ముఖం. నెత్తిమీది ట్యూబు వల్ల తండ్రి కళ్లు గుంటల్లో పడ్డట్టు చీకటిగా వచ్చాయి. దీనికి ఆమె మెరిసే శాటిన్ గుడ్డ పట్టి వెలుగును తిప్పికొట్టాలని చూసింది. చెంప మీద గాజుముక్క వెలుగులాంటి మచ్చ పడింది.

ఇక్కడ సత్యజిత్ రాయ్ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా పని గుర్తుచేసుకోవాలి. 1956లో వచ్చిన ‘అపరాజితో’ కోసం కాశీలోని ఒక ఇంటి లోపలి వాకిలిని ఆరుబయట కట్టాలనుకున్నారు. వానల భయంతో కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త దాన్ని కలకత్తా స్టూడియోలో కట్టారు. అలాంటి వాకిట్లోకి వెలుగు పైనున్న ఆకాశం నుంచే వస్తుంది, గట్టి నీడలు పడవు. స్టూడియో దీపాలు నేరుగా వేస్తే ఆ మెత్తదనం రాదు. మిత్రా సెట్టు పైన తెల్లగుడ్డ బిగించి, కింద నుంచి దీపాలను దాని మీదికి వేశాడు. గుడ్డ నుంచి చెదిరి కిందికి దిగిన వెలుగే ఆకాశమైంది. నీడ గట్టిదనం దీపం శక్తి మీద ఆధారపడదు, చూసేచోటి నుంచి ఆ వెలుగు ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది.

సూరత్‌లో గుడ్డకు కొదవా? రంగు, అద్దకం పడని మగ్గం గుడ్డను ఇక్కడ గ్రే అంటారు. పేరు బూడిదరంగుదే, గుడ్డ మాత్రం తెలుపు. మెరుపు తగ్గించడానికి పాలిస్టర్ దారంలో టైటానియం డయాక్సైడ్ రేణువులు కలుపుతారు. ఈ పదార్థం వక్రీభవన గుణకం వజ్రం కంటే ఎక్కువ. వజ్రాల ఊళ్లో ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. రేణువులు వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొట్టడం వల్ల గుడ్డ అద్దంలా కాక సున్నం గోడలా ప్రవర్తిస్తుంది. రెండు మీటర్ల గ్రే గుడ్డను కర్రలకు కట్టి పక్కన నిలబెడితే కళ్ల కింద నీడ కరిగింది. అంగట్లో దొరికే పాలతెలుపు గుడ్డ అయితే తెల్లదనం పెంచే రసాయనాల వల్ల పగటి వెలుగులో కాస్త నీలం చిమ్ముతుంది. గ్రేలో ఆ బాధ లేదు.

కెమెరాను నడిపించిన బండి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. బీమ్ మోసే ట్రాలీ మీద పెట్టి తోశారు, కొంచెం వణికింది. సూరత్‌లాగే మరమగ్గాల ఊరైన మాలెగావ్‌లో నాసిర్ షేక్ బృందం సైకిలునూ ఎడ్లబండినీ కెమెరా సామగ్రిగా వాడుకోవడం ఫైజా అహ్మద్ ఖాన్ డాక్యుమెంటరీ ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’లో చూడవచ్చు. ఆ వణుకును దాచాల్సిన పని లేదని నా అభిప్రాయం.

పోయిన మాట

మిగిలింది మాట. కార్ఖానాలో ఫోన్ యాప్ శబ్దం 97 డెసిబెల్ల దగ్గర ఊగింది. యాప్ కచ్చితమైన పరికరం కాదు, ఒకటి రెండు డెసిబెల్లు అటూఇటూ ఉండొచ్చు. మనిషి గొంతెత్తి మాట్లాడితే మీటరు దూరంలో దాదాపు 75. మైకును నోటికి 15 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే, దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్ల చొప్పున లెక్కకు 16 పైచిలుకు పెరిగి 91 దాటుతుంది. అయినా మగ్గాల కంటే తక్కువే. మైకు మార్చినా, సాఫ్ట్‌వేర్ మార్చినా ఈ తీసివేత మారదు. ఆ మాట అక్కడ రికార్డు కాదు.

అందుకని డబ్బింగ్. ఒక వ్యాపారి గోదాములో, నిలువెత్తు పేర్చిన తాకాల మధ్య సందును రాత్రిపూట అడిగి తీసుకున్నారు. సూరత్‌లో గుడ్డ తానును తాకా అంటారు. గుడ్డ శబ్దాన్ని పీల్చుకోవాలంటే మందం ఉండాలి. గోడ దగ్గర గాలి కణాలు కదలవు, గోడ నుంచి పావు తరంగదైర్ఘ్యం దూరంలో బాగా కదులుతాయి. గుడ్డలోని సన్నని సందులు ఆ కదలికనే అడ్డుకుంటాయి. 1000 హెర్ట్జ్ శబ్దానికి ఆ దూరం 8.5 సెంటీమీటర్లు, 200 హెర్ట్జ్‌కు 40 దాటుతుంది. గోడకు పరదా కడితే చాలదు. మూరెడు మందం తాకాల గోడ ముందు రికార్డింగ్ స్టూడియోలు కూడా కొన్ని దిగదుడుపే.

అక్కడ మాట బాగా పడింది. కానీ అక్కడే ఇంకో విషయం బయటపడింది. ఆమె దూరం నుంచి “సరే బాపూ” అంటే ఆయనకు “అరే” అని వినిపించింది. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. కార్ఖానాలో ఇన్నేళ్లుగా అందరూ అరుచుకుని మాట్లాడుకుంటారు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నిశ్శబ్దపు గదిలో దాక్కోవడానికి చోటు లేకపోయింది.

‘స’ అనే ధ్వని శక్తిలో ఎక్కువ భాగం 4000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు సాధారణంగా మొదట దెబ్బతీసేది ఆ పరిసరాలనే. చెవి నాళం దాదాపు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఒకవైపు మూసిన గొట్టం. పావు తరంగదైర్ఘ్యం లెక్క ఇక్కడా పనిచేస్తుంది. అది 3400 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెంది శబ్దాన్ని పెంచుతుంది. దానికి కాస్త పై పౌనఃపున్యాలను వినే రోమ కణాలు ముందుగా అలిసి చనిపోతాయి. మనిషిలో అవి మళ్లీ పుట్టవు.

మన దేశంలో కర్మాగారాలకు 8 గంటల పనికి 90 డెసిబెల్లు పరిమితి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు 8 గంటలకు 85, ఆపై ప్రతి 3 డెసిబెల్లకూ సమయం సగం. ఆ లెక్కన 97 వద్ద అరగంట. ఆయన షిఫ్టు 12 గంటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో శబ్దం వల్ల వచ్చే చెవుడు పేరు ఉండేది, అంటే తెలియజేసి తీరాల్సిన వ్యాధి. సరిగ్గా పెట్టుకున్న ఫోమ్ ఇయర్‌ప్లగ్ 15 డెసిబెల్లు తగ్గించినా 97 కాస్తా 82 అవుతుంది.

ఆమె ఫోనులో 1000, 2000, 4000 హెర్ట్జ్ ధ్వనులు వినిపించింది. మూడోదానికి ఆయన చేయి ఎత్తలేదు. ఇది పరీక్ష కాదని, ఆడియోమెట్రీ చేయించాలని చెప్పాను. మీ ఇంట్లోనూ ఎవరికైనా ఇలా అనిపిస్తే ఫోనును నమ్ముకోకండి, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తిరిగి వచ్చిన పది రోజులకు ఆమె కొత్త ప్రతి పంపింది. మొదటి 12 సెకన్లు తండ్రి వెనకే నడుస్తాం. సాంచాల శబ్దంలో 3000 హెర్ట్జ్‌కు పైనున్నదంతా కోసేసింది. దూరపు ఉరుములా, మూటగట్టినట్టు ఉంది. కూతురు గుమ్మంలో కనిపించగానే పూర్తి శబ్దం పెళ్లున తెరుచుకుంటుంది. నేను కుర్చీలో ఉలిక్కిపడ్డాను.

బాపు చూశారా అని ఫోనులో అడిగాను.

“చూసిండు. మంచిగనే ఉంది గని, ఆ పిల్ల రాంగనే ఏం మారిందని అడిగిండు.”

నివేదికలో ఆ షాట్ ఎదురుగా నాలుగో గడి ఖాళీగా వదిలేసింది. సోమవారం షిఫ్టుకు సెలవు పెట్టించి ఆడియోమెట్రీకి తీసుకెళుతున్నారట.