చెట్టెక్కే పనిలో రాపిడి ముడి: ముడితాడు ఎంపిక, సంరక్షణ

పిఠాపురం పరిసరాల్లో పొలం గట్ల మీది తాటిచెట్లు, పెరటి కొబ్బరిచెట్లు, ముదురు మామిడి తోటలు మనిషి ఎక్కితేనే ఫలితాన్నిస్తాయి. ఇక్కడి గీత కార్మికులు, దింపు కార్మికులు తరతరాలుగా నమ్ముకున్న సాధనం మోకు. నడుము వెనుక నుండి మానును చుట్టి వచ్చే ఈ తాడు, కార్మికుడు వెనక్కి వాలినప్పుడు బిగిసి బరువును నిలుపుతుంది; మానువైపు ఒరగగానే వదులై పైకి జరుగుతుంది. మోకు పనితనమంతా రాపిడిదే. వాన తడికి, నాచుకు ఆ రాపిడి తగ్గినప్పుడే మనిషి జారిపడతాడు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట భద్రతా కిట్ల పంపిణీని ప్రారంభించింది ఇటువంటి ప్రమాదాల నివారణకే.

ఇదే సూత్రాన్ని మాను మీద కాక మరొక తాడు మీద ప్రయోగించేది రాపిడి ముడి. ప్రధాన తాడు చుట్టూ సన్నని తాడును చుట్టి వేసే ఈ ముడి, బరువు పడితే బిగుస్తుంది. బరువు తీసి చేత్తో నెడితే జరుగుతుంది. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో వివరించిన ముడి వీటిలో ప్రసిద్ధమైనది. మామిడిలో బలమైన పంగ మీదుగా వేసిన తాడుపై కార్మికుడు ఇటువంటి ముడితో ఎక్కి దిగవచ్చు. తాటి, కొబ్బరి చెట్లకు కొమ్మలుండవు. మట్టకు తాడు తగిలించి వేలాడడం ఎంతమాత్రం తగదు. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది కనుక, నడుము తాడు పొడవును ఎప్పటికప్పుడు కుదించుకోవడానికి అక్కడ ఈ ముడి ఉపకరిస్తుంది.

ముడితాడు ప్రధాన తాడుకన్నా సన్నగా ఉండాలి. 11–13 మి.మీ. తాడుపై 8–10 మి.మీ. ముడితాడు సాధారణంగా సరిపోతుంది. మరీ సన్ననిదైతే బిగిసిపోయి విడివడదు. మరీ లావైతే పట్టక జారుతుంది. అమెరికాలో ఈ వృత్తికి పాటించే ప్రమాణం ప్రకారం ముడితాడు తెగే బలం 24 కిలోన్యూటన్లకు, అనగా సుమారు 2,450 కిలోల బరువుకు తగ్గరాదు.

బలం కన్నా ముందు చూడవలసింది వేడి. కార్మికుడు వేగంగా జారి దిగితే ముడి వద్ద పుట్టే వేడి పోగులను కరిగించగలదు. నైలాన్ సుమారు 220–260 డిగ్రీల సెల్సియస్ వద్ద, పాలిఎస్టర్ 250–260 డిగ్రీల వద్ద కరుగుతాయి. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీలకే కరుగుతుంది. ఉప్పాడ తీరాన పడవలకు, వలలకు వాడే ప్లాస్టిక్ తాళ్లు చవకగా దొరుకుతాయి, చూపుకు దృఢంగానూ ఉంటాయి; అయినా వాటిని ముడితాడుగా వాడరాదు. అరామిడ్ పోగులు కరగవు. అయితే ఎండకు, పదేపదే మడతపడడానికి అవి త్వరగా నీరసిస్తాయి. అందుచేత పాలిఎస్టర్ కలిపి అల్లిన అరామిడ్ తాడు మేలైన ఎంపిక.

ముడి వేసిన ప్రతిసారీ చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా సర్ది, బిగించి, నేలకు అడుగెత్తులోనే పూర్తి బరువు వేసి పరీక్షించాలి. కొత్త తాడు, తడిసిన తాడు పట్టే తీరు మారుతుంది; కనుక నిన్న సరిపోయిన చుట్ల సంఖ్య నేడు సరిపోతుందని భావించరాదు. గీత కత్తి వాడేచోట ఒకే తాడుపై ఆధారపడక, మానును బిగించి పట్టే రెండవ తాడు కూడా ఉండాలి.

పని ముగిశాక ముడి విప్పి తాడంతటినీ వేళ్ల మధ్య జార్చి చూడాలి. గాజులా మెరిసే గట్టిదనం కరిగిన గుర్తు. ఒకచోట పలచబడినా, పోగులు తెగినా, కొస కుట్లు వదులైనా ఆ తాడును తీసివేయాలి. కంటికి కనిపించని హాని మరింత ప్రమాదకరం. బ్యాటరీ స్ప్రేయర్ పక్కన తాడు ఉంచితే, ఒలికిన ఆమ్లం నైలాన్‌ను లోలోపలే తినివేస్తుంది. కల్లు కుండలకు పూసే సున్నం, మొవ్వు కుళ్లుకు వాడే బోర్డో మిశ్రమంలోని సున్నం పాలిఎస్టర్‌కు హాని చేస్తాయి. మురికి పడితే తేలికపాటి సబ్బునీటిలో కడిగి నీడన ఆరబెట్టాలి.

ముడితాడు మొత్తం సామగ్రిలో చవకైనది, అన్నింటికన్నా ముందు అరిగేది. కొన్న తేదీని తాడు చివర చీటీపై రాసుకోవాలి. తీసివేసిన తాడు పశువుల పలుపుగానైనా పనికొస్తుందని దాచిపెడితే, అది ఏదో ఒకనాడు తిరిగి ఎవరో ఒకరి నడుముకు చేరుతుంది. దానిని జానెడు ముక్కలుగా కోసివేయాలి.